లోపల వదిలిన గుడ్డ

ఫిబ్రవరి 4
షాపు నుంచి

ఒరేయ్ గుండూ,

నీ ఉత్తరం అందింది. వెనక గదికి సున్నం వేయించావనీ, కిటికీ పక్కన కుట్టు మిషను పట్టేంత చోటు వదిలావనీ, ఎండలు ముదిరేలోపల షాపు మూసేసి వచ్చెయ్యమనీ రాశావు. రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ ఆ గది గురించే. మిగతా అర పేజీ నా కళ్ళజోడు గురించి. ఎలా ఉన్నావక్కా అని మాత్రం ఒక్క ముక్క లేదు. బాగానే ఉన్నాను.

యాభై ఎనిమిదేళ్ళొచ్చాక కళ్ళజోడు మందం కాక సన్నమవుతుందా? ముప్ఫయ్యారేళ్ళుగా ఈ షాపులో స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతున్నాను. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పటికీ ఎవర్నీ పిలవను. మూడుసార్లు గురి తప్పుతుంది, నాలుగోసారి ఎక్కుతుంది. నువ్వు లారీల కాటా దగ్గర కూర్చుని రోజంతా అంకెలు చదువుతావే, నిన్నెవరైనా కళ్ళ డాక్టరు దగ్గరికి తోలారా?

సరే, అసలు సంగతి విను. నిన్న పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. ముప్ఫై దాటి రెండేళ్ళుంటాయేమో. వెనక నలుగురు మనుషులు ఒక పెద్ద గుడ్డ మూట మోసుకొచ్చారు. అది తలుపులో పట్టదే! ఇస్త్రీ బల్ల జరిపి, బొత్తాల అలమర పక్కకి నెట్టి, నలుగురూ కలిసి లోపలికి తోశారు. నేను గోడకి అతుక్కుపోయి నించున్నాను. తీరా చూస్తే అది బెలూనంట!

"టైలరమ్మా, నేను బెలూన్ పైలట్‌ని. వచ్చే నెల పదహారున ఊరి బయట మైదానంలో బెలూన్ల పండగ. నలభై ఎగురుతాయి. నాది పైభాగంలో మూడు ముక్కలు పాడైపోయాయి. గుడ్డ నేనే తెచ్చాను, కుట్టే చెయ్యి కావాలి" అంది.

"నేను పిల్లల బట్టలు కుడతానమ్మా, ఆకాశానికి కుట్టను" అన్నాను.

"ఊరంతా అడిగాను. మీరు కుట్టిన నిక్కరు మూడేళ్ళయినా కుట్టు ఊడదన్నారు" అంది. పొగిడితే పడిపోయే మనిషినని నీకు తెలియంది కాదు. ఒప్పేసుకున్నాను.

ఆ గది మాట తర్వాత చూద్దాం.

కళ్ళు శుభ్రంగా కనిపిస్తున్న నీ అక్క


ఫిబ్రవరి 10
కాటా గది

అక్కా,

బెలూన్ కుట్టడమేంటే? సూది తగిలితే పేలదూ? నీ ఉత్తరం మా డ్రైవర్లకి చదివి వినిపించాను. ఒకడు నవ్వి నవ్వి కాటా మీదే కూలబడ్డాడు, వాడి బరువు కూడా లారీ చీటీలో పడింది, మళ్ళీ తూచాల్సొచ్చింది. ఎవరో నిన్ను బాగా ఆటపట్టిస్తున్నారు. నీది జాలి గుండె, మూట పట్టుకొచ్చినవాళ్ళందర్నీ నమ్ముతావు.

ఎందుకొచ్చిన గొడవక్కా ఇదంతా? పొద్దున్నే లేచి షట్టరెత్తడం, రోజంతా వంగి కూర్చోవడం, సాయంత్రం నడుం పట్టుకుని దించడం. ఇక్కడైతే హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. గదికి నీలం రంగు తలుపు పెట్టించాను. నీ మరదలు పోయి మూడేళ్ళయింది, వంటింట్లో గిన్నెలన్నీ అలాగే ఉన్నాయి, నీకు ఏదీ కొత్తగా కొనే పని లేదు. ఈ వయసులో నీకో మనిషి తోడుండాలి. నీ మంచికే చెబుతున్నాను.

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, మనిద్దరం ఫోనెత్తితే మూడో నిమిషంలో ఎవరో ఒకరు ఠపీమని పెట్టేస్తాం. ఉత్తరమైతే కనీసం చివరిదాకా చదువుతావు.

ఇట్లు,
నీ క్షేమం తప్ప వేరే ధ్యాస లేని తమ్ముడు


ఫిబ్రవరి 15

తమ్ముడికి,

"ఈ వయసులో" అని ఇంకోసారి రాస్తే ఉత్తరం చించి, కాజాలు కత్తిరించడానికి అట్టగా వాడుకుంటాను.

పుట్టినరోజు బెలూను కాదురా మొద్దూ! మన పాత ఇల్లు రెండు పట్టేంత పెద్ద గుడ్డ సంచి. కింద గ్యాసు మంట, దాని కింద మనుషులు నించునే బుట్ట. లోపలి గాలి వేడెక్కితే పైకి లేస్తుంది. నాకూ మొన్ననే తెలిసింది, అందుకే నీకు వివరంగా చెబుతున్నాను.

పని సాగుతోంది. పాత ముక్కలు విప్పి, వాటి మీద కాగితం పరిచి గీసి, ఆ కొలతకి కొత్త ముక్కలు కత్తిరించాం. గుడ్డ జారుడుగా ఉంది, మిషను కింద నిలవనంటుంది. ఆ అమ్మాయి పక్కనే కూర్చుని చూస్తోంది. ఒక దుర్గుణం పట్టేసుకుంది నాలో. నేను ప్రతి కుట్టుకీ లోపల మూడు వేళ్ళ గుడ్డ అదనంగా మడిచి పెడతాను కదా, పిల్లలు ఎదిగితే విప్పి వదులు చెయ్యడానికి. చెయ్యి అలవాటుగా దీనికీ మడిచేసింది. "టైలరమ్మా! ఇది ఎదిగే పిల్ల కాదు. పైకి లేవాల్సినదానికి ఇంత బరువు దండగ కాదా?" అని మొట్టికాయ వేసినంత పని చేసింది. తీరిగ్గా కత్తిరిస్తాలే అన్నాను.

ఇంకో సంగతి. ఆ అమ్మాయిదొక నియమం ఉంది. కుట్టినవాళ్ళు మొదటి ఎగురుడులో బుట్టెక్కాలి. "ఎక్కనంటే మీ కుట్టు మీద మీకే నమ్మకం లేదని లెక్క. మీకే లేనిది నాకెలా ఉంటుంది?" అంది. నాకు స్టూలెక్కాలంటేనే కాళ్ళు వణుకుతాయి, పై అరలో గుడ్డ కావాలంటే కర్రతో లాగుతాను, ఆ సంగతి నీకు తెలుసు. ఆ పిల్లకి తెలీదు. చెప్పలేదు.

రాత్రీ పగలూ ఆ గది సొద పెడుతున్నావు కాబట్టి, మనిద్దరి మధ్యా పందెం. నా కుట్టుతో ఆ బెలూన్ పండగ రోజున లేచి, నేను అందులో ఎక్కి, క్షేమంగా దిగితే, షాపు ఉంటుంది. నువ్వు జన్మలో ఆ గది మాట ఎత్తకూడదు. నా కుట్టు పనికిరాదని తేలినా, నేను భయపడి ఎక్కకపోయినా, షాపు తాళం ఇంటాయన చేతిలో పెట్టి నీ నీలం తలుపు గదికి వచ్చేస్తాను. సరేనా?

పందెం కాసిన అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

పందెం సరే. పందానికి ఒప్పుకున్నానంటే నువ్వు బుట్టెక్కుతావనే నమ్మకంతో కాదు, ఎక్కవనే ధైర్యంతో. చిన్నప్పుడు అటక మీద బంతి పడితే నిచ్చెన నువ్వు పట్టుకునేదానివి, ఎక్కేది నేను. దిగేదాకా కళ్ళు మూసుకునే ఉండేదానివి.

ఒకవేళ ఖర్మ కాలి ఎక్కితే మాత్రం, నీ బరువు ఎంతని చెప్పావు ఆ అమ్మాయికి? నిజం చెప్పు. గాల్లోకి లేచేది బరువు లెక్క మీదే కదా, ఇరవయ్యేళ్ళుగా లారీలు తూచేవాణ్ణి, నాకు తెలీదా? పోయినసారి నువ్వొచ్చినప్పుడు సరదాగా మా కాటా మీద నడిచావు. ఎనభై చూపించింది. నువ్వు బయట ఎవరికైనా అరవై రెండు అనే చెబుతావు. పెళ్ళిసంబంధాల వయసు నుంచి నీ బరువు అరవై రెండే. దయచేసి సరిచెయ్యి.

నాకు నిద్ర పట్టడం లేదు. మా డ్రైవర్లు "మీ అక్క ఎగురుతుందటగా సార్" అని రోజూ అడుగుతున్నారు. పరువు పోతోంది, ప్రాణమూ పోతోంది.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 26

ఒరేయ్,

నువ్వే గెలిచేలా ఉన్నావు.

ఇవాళ పొద్దున స్కూలు మైదానంలో బెలూన్‌ని ఊది చూశారు. పెద్ద ఫ్యాను పెట్టి గాలి నింపారు, తర్వాత మంట వేశారు. మెల్లగా లేచి నించుంది. పిల్లలంతా చప్పట్లు. అప్పుడు చూశాను. నేను కుట్టిన మూడు ముక్కలూ మూతి ముడుచుకుని ఉన్నాయి. మిగతా బెలూనంతా నిండుగా ఉంటే ఆ మూడు చోట్లా గుడ్డ బిగుసుకుపోయి ఒక పక్కకి లాగేస్తోంది. బెలూన్ మెడ వాల్చినట్టు ఒరిగింది. పైలట్ అమ్మాయి వెంటనే మంట ఆపేసింది. తనిఖీ చేసే ఆఫీసరు చేతిలో అట్ట పట్టుకుని చూసి, "ఇది ఎగరదు" అని రాసేసుకున్నాడు. ఒక్క మాట. ముప్ఫయ్యారేళ్ళలో నా కుట్టుని ఎవరూ వద్దనలేదురా. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లల్లో సగంమంది ఒంటి మీద యూనిఫారం నేను కుట్టిందే.

కొలత తప్పానో, చెయ్యి తప్పిందో, నువ్వన్నట్టు కళ్ళే తప్పాయో తెలీదు. నీ గదికి లోపల గొళ్ళెం ఉందా? లేకపోతే పెట్టించు. గొళ్ళెం లేకపోతే నాకు నిద్ర పట్టదు.

అక్క


మార్చి 2

ఒరేయ్ గుండూ, గుండూ, గుండూ!

ముందు రాసిన ఉత్తరం చింపెయ్యి. చింపావా? ఇప్పుడిది చదువు.

ఆ రోజు ఏడ్చి, మొహం కడుక్కుని, బెలూన్‌ని మళ్ళీ షాపులో పరిపించాను. తప్పెక్కడో తెలియకుండా తప్పు ఒప్పుకునే మనిషిని కాను. టేపు పట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ కొలిచాను. కుట్టు సూటిగానే ఉంది, చెయ్యి తప్పలేదు. మరి? ముక్కల పక్కన పైనుంచి కిందకి గట్టి పట్టీలుంటాయి, బరువంతా మోసేవి అవే. వాటిని కొలిచి ముక్కల్ని కొలిస్తే, ముక్కలే రెండు వేళ్ళు పొట్టి!

అప్పుడు వెలిగింది. పైభాగం మంట వేడికి ఏళ్ళ తరబడి కాలింది కదా, పాత గుడ్డ కుంచించుకుపోయింది. పట్టీలు కుంచించుకోలేదు. మేము కాగితం గీసింది ఆ కుంచించుకుపోయిన గుడ్డ మీద. ఉతికి ఉతికి బిగుసుకుపోయిన చొక్కా కొలతకి కొత్త చొక్కా కుట్టినట్టయింది. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు, ఆ పిల్లకీ తట్టలేదు.

పైలట్ అమ్మాయి తల పట్టుకుని కూర్చుంది. "ఇంక గుడ్డ లేదు టైలరమ్మా. కొత్తది రావాలంటే నెల పడుతుంది. పండగ పోయినట్టే" అంది. నేను ఒక కుట్టు విప్పి లోపలి మడత తీసి చూపించాను. మూడు వేళ్ళ గుడ్డ! కత్తిరిస్తాను, కత్తిరిస్తాను అంటూ బద్ధకించినదంతా భద్రంగా అక్కడే ఉంది.

ఆ అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఆ గుడ్డ కుప్పల మీదుగా దూకి వచ్చి నన్ను కావిలించుకుంది. కళ్ళజోడు కింద పడింది, పగల్లేదు.

రెండు రోజులు కూర్చుని అన్నీ విప్పి, రెండు వేళ్ళు వదులు చేసి, జంట కుట్టు వేశాను. ఇవాళ మళ్ళీ ఊదారు. నిటారుగా నించుంది మహారాణిలా! ఆఫీసరు ప్రతి కుట్టూ వేలితో తడిమి సంతకం పెట్టాడు. పోతూ పోతూ "మా వాడి యూనిఫారం కూడా మీ దగ్గరే కుట్టించాలి" అన్నాడు.

సగం పందెం నాది. మిగతా సగం బుట్టెక్కడం. పై అరలో గుడ్డ ఇవాళ కూడా కర్రతోనే లాగాను. బరువు కూడా నిజమే చెప్పాను, నీ పోరు పడలేక. ఆ పిల్ల నవ్వి, "అందరూ తగ్గించే చెబుతారు. ఆడవాళ్ళకి పది కిలోలు, మగవాళ్ళకి పదిహేను నేనే కలిపేసుకుంటాను" అంది. నాకు పది సరిపోయేవి కావనుకో.

సంబరంతో,
నీ అక్క


మార్చి 3

అక్కా!

ఫిబ్రవరి 26న నువ్వు రాసింది ఇవాళ పొద్దున అందింది. ఎంత మంచి మాట రాశావే! గొళ్ళెం ఈ సాయంత్రమే పెట్టించాను, ఇత్తడిది. కిటికీకి పూల కర్టెను కొన్నాను. ఎలాగూ వస్తున్నావు కదాని పక్కింటావిడకి చెప్పాను, డ్రైవర్లకి చెప్పాను, పాలవాడికి ఇంకో ప్యాకెట్టు చెప్పాను. కాటా గదిలో అందరికీ మిఠాయి పంచాను. "ఏంటి సార్ విశేషం" అంటే "మా అక్క ఓడిపోయింది" అన్నాను. ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో.

ఎప్పుడొస్తావు? బస్సు టైము రాస్తే స్టాండుకి వచ్చి నించుంటాను.

నీ తమ్ముడు


మార్చి 7

తమ్ముడికి,

నీ మిఠాయి ఉత్తరం అందింది. ఈపాటికి నాది నీకూ అంది ఉంటుంది, బిడ్డ పుట్టకముందే కుల్లాయి కుట్టావని అర్థమయ్యే ఉంటుంది.

నవ్వి ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేకపోతున్నాను. పదిమంది ముందు నా పని వద్దన్న రోజున నీకు రాశాను. ఇంకెవరికి రాసుకుంటాను? నువ్వు మిఠాయి పంచావు. "బాధపడకక్కా" అని ఒక్క ముక్క రాయడానికి చేతులు రాలేదా? నేను ఓడిపోవాలనే కాచుక్కూర్చున్నావన్నమాట. ముసలిదైపోయింది, చూపు పోయింది, మూల కూర్చోబెట్టి తిండి పెడదాం అనే కదా నీ ఆలోచన? నేను ఎవరికీ బరువు కాను. అరవై రెండైనా ఎనభై అయినా నా బరువు నేనే మోసుకుంటాను.

పదహారున నేను ఎక్కుతున్నాను. నువ్వు రానక్కర్లేదు.

అక్క


మార్చి 11

అక్కా,

రాయడం చేతకాక రాశాను. నా ఉద్దేశం అది కాదు. ఏదో ఒకటి రాద్దామంటే ఇంకోటి అర్థమవుతోంది నీకు.

పదహారున నాకు డ్యూటీ ఉంది. రాను. నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. కానీ ఎక్కకే. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎక్కకు.

తమ్ముడు


మార్చి 17

తమ్ముడికి,

కోపమున్నా రాస్తున్నాను. ఇది చెప్పుకోకపోతే పొట్ట పగిలిపోతుంది.

ఎక్కాను. ఎగిరాను. దిగాను. బతికే ఉన్నాను.

నిన్న తెల్లారేసరికి మైదానంలో ఉన్నాను. చలి. నలభై బెలూన్లు నేల మీద పడుకుని ఒక్కొక్కటీ లేస్తున్నాయి. ఊరు ఊరంతా అక్కడే. బుట్టెక్కేవాళ్ళ కోసం అమ్మలు, అత్తలు, మేనమామలు, చిన్నచిన్న పిల్లలు అందరూ వచ్చారు. "మీవాళ్ళు రాలేదా టైలరమ్మా?" అని పైలట్ అమ్మాయి అడిగింది. "డ్యూటీ ఉందంట" అన్నాను.

బుట్ట నా గుండెల ఎత్తుంది. పక్కన రెండు మెట్ల స్టూలు వేశారు. స్టూలు! దాని ముందు నించుండిపోయాను. ఎంతసేపు నించున్నానో తెలీదు. అలవాటు చొప్పున చెప్పులు గడ్డి మీద విడిచేశాను, ఎవరి గదిలోకో వెళ్తున్నట్టు. అప్పుడు పైకి చూస్తే నా మూడు ముక్కలూ మంట వెలుగులో మెరుస్తూ కనిపించాయి. అవి ఎక్కాయి, నేనెక్కలేనా అనుకున్నాను. ఒక కాలు, ఇంకో కాలు, ఎలా పడ్డానో బుట్టలో పడ్డాను.

మంట హోరుమంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తాడు పట్టుకుని "ఎప్పుడు లేస్తుందమ్మా" అంటే "లేచి చాలాసేపయింది టైలరమ్మా" అంది ఆ పిల్ల. కుదుపు లేదు, గాలి కూడా తగల్లేదు. గాలితోపాటే పోతున్నాం కాబట్టి తగలదట. మంట ఆపితే ఎంత నిశ్శబ్దమో! కింద ఎక్కడో కుక్క మొరిగితే పక్కనే మొరిగినట్టుంది.

"కిందకి చూడొద్దు, పైకి చూడండి. మీ కుట్టు చూసుకోండి" అంది. చూశాను. వరసగా, సూటిగా, ఒక్క చోట కూడా తొణకలేదు. చూస్తూ చూస్తూ ఉంటే భయం ఎటు పోయిందో పోయింది. అప్పుడు కిందకి చూశాను. మైదానం నిండా జనం, నా బొత్తాల డబ్బా ఒలికిపోయినట్టు. మా వీధి కనిపించింది. షాపు రేకు కప్పు కనిపించింది. దాని మీద ఎవరిదో బంతి, ఎన్నాళ్ళుగా ఉందో. ఇంత చిన్న షాపులోనా ముప్ఫయ్యారేళ్ళు కూర్చున్నాను అనుకున్నాను. చిన్నదే, కానీ నాది. గట్టిగా నవ్వాను. ఆ పిల్ల కూడా నవ్వింది.

దిగడం మాత్రం అడక్కు. "మోకాళ్ళు వంచి గట్టిగా పట్టుకోండి" అంది. ఒక చేలో ధబ్బున పడి, ఇంకోసారి ఎగిరిపడి, బుట్ట ఒక పక్కకి ఒరిగింది. నేనా అమ్మాయి మీద పడ్డాను, పాపం ఎనభై కిలోలు. చేను గలాయన పరిగెత్తుకొచ్చి తిట్టడానికి నోరు తెరిచి, నన్ను చూసి, "ముందు మంచినీళ్ళు తాగండి" అన్నాడు.

తిరిగి మైదానానికి తీసుకొచ్చేసరికి నా చెప్పులు లేవు. ఎవరో ఎత్తుకుపోయారు. ఆకాశంలో ఎగిరి, వట్టి కాళ్ళతో ఇల్లు చేరాను. అందర్నీ వాళ్ళవాళ్ళు భుజాలు తట్టి, ఫొటోలు తీసి, చేతులు పట్టుకుని తీసుకెళ్ళారు. నాకు ఎవరూ లేరు. గెలిచిన మనిషినే, అయినా ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను. ఏడ్చానని నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

పందెం నేనే గెలిచాను. గది మాట ఇంక ఎత్తకు.

అక్క


మార్చి 18

అక్కా,

నీ చెప్పులు నా దగ్గరున్నాయి.

తిట్టకు, చివరిదాకా చదువు. డ్యూటీ ఇంకొకడికి అప్పజెప్పి పదిహేనో తారీఖు సాయంత్రమే బస్సెక్కాను. నిన్ను ఎక్కనివ్వకూడదని, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చెయ్యాలని నిశ్చయించుకునే వచ్చాను. ఆ గుంపులో నిన్ను వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. దొరికావు. స్టూలు ముందు నించుని ఉన్నావు, నాకు వీపు పెట్టి. పది అడుగుల దూరంలో ఉన్నానక్కా. నువ్వు చెప్పులు విడవడం కనిపిస్తోంది. ఒక్క మాట అంటే వెనక్కి వచ్చేస్తావు. అది నాకు తెలుసు.

అనలేకపోయాను. నువ్వు ఒక కాలు పైన పెట్టావు చూడు, అప్పుడు నా ఒంట్లో ఏదో అయింది. బెలూన్ లేచాక "అక్కా" అని అరిచాను. మంట మోతలో నాకే వినపడలేదు. నీ చెప్పులు తీసుకుని వెనక పరిగెత్తాను. జనం కూడా పరిగెడుతున్నారు. బెలూన్ ఒక పక్కకి పోతే నేను ఇంకో పక్క కాలవ గట్టు మీదకి చేరాను, దాటే దారి లేదు. నువ్వు చెట్ల వెనక దిగడం మాత్రం చూశాను. చేతులూపుతున్నావు. అక్కడే కూలబడి పిల్లాడిలా ఏడ్చాను. తిరిగి మైదానానికి వచ్చేసరికి అంతా ఖాళీ. నీ ఇంటికి రావాలంటే మొహం చెల్లలేదు. "రానక్కర్లేదు" అన్నావు కదా. బస్సెక్కాక చూసుకుంటే చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

ఓడిపోయాను. ఓడిపోయాను కాబట్టి నిజం చెబుతాను. ఆ గది నీ కోసం కాదక్కా. నీ కళ్ళు, నీ నడుము, నీ వయసు అని రాసిందంతా సాకులు. నీ మరదలు ఉన్నప్పుడు నేను తలుపు కొడితే లోపల్నుంచి "ఎవరు?" అనేది. ఎవరో తెలిసీ అడిగేది. మూడేళ్ళుగా నా తలుపు తాళం నేనే తీసుకుంటున్నాను. రోజంతా లారీల చప్పుళ్ళలో ఉండి ఇంటికొస్తే చెవులు గుయ్యిమంటాయి. నీ కోసం అంటే వస్తావేమో అనుకున్నాను. నా కోసం రమ్మని అడగడానికి నామోషీ వేసింది. మిఠాయి పంచింది నువ్వు ఓడినందుకు కాదు, నువ్వు వస్తున్నందుకు.

చాలా పైకెళ్ళావక్కా. అందరికంటే బాగా ఎగిరావు. షాపు మూయకు. చెప్పులు పార్శిల్ చేస్తాను.

నీ తమ్ముడు


మార్చి 22
నీ ఇంటి నుంచి

ఒరేయ్ మొద్దూ,

పైన ఉన్నది చూశావుగా, నీ ఇంటి నుంచే. కాబట్టి ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. తలుపు గొళ్ళేనికి దారంతో కట్టాను, జంట ముడి వేశాను, నిదానంగా విప్పు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది, పది అడుగుల దూరంలో ఉండి పలకరించకుండా పోతావా అని. రెండోసారి, మధ్యలో ఆపి నీళ్ళు తాగాను. మూడోసారి చదువుతూ చదువుతూనే షట్టరు దించేశాను.

ఎంత పని చేశావురా. "నాకు ఒంటరిగా ఉందక్కా, రా" అని ఒక్క ముక్క రాయడానికి నీకు ఇన్ని ఉత్తరాలు పట్టాయా? మొదట్లోనే రాసుంటే పందెం లేకుండానే వచ్చేదాన్ని. నువ్వేమో నేను బక్కచిక్కి, గుడ్డిదాన్నైపోయి నీ పంచన చేరాలన్నట్టు రాశావు. నేనేమో నీ గదిని జైలనుకున్నాను. ఒక కడుపున పుట్టినవాళ్ళం, ఇద్దరికీ పొగరే, ఎవర్ని అని ఏం లాభం? నేను మాత్రం, నువ్వెలా ఉన్నావని ఒక్క ఉత్తరంలోనైనా అడిగానా?

షాపు మూసెయ్యలేదు, సరిగ్గా విను. తాళం వేశానంతే. వారం రోజులు సెలవని అట్ట మీద రాసి తగిలించాను. వారం అయ్యాక పోతాను, స్కూళ్ళు తెరిచేలోపు నలభై జతలు కుట్టాలి. మళ్ళీ నెలలో వస్తాను, మళ్ళీ పోతాను. నువ్వు కూడా సెలవు పెట్టి రా. కూర్చోవడానికి స్టూలుంది, దాన్ని నేనెలాగూ వాడను.

పక్కింటావిడ దగ్గర నీ రెండో తాళం చెవి ఉంటే తీసుకున్నాను. నన్ను చూడగానే "ఎగిరిన అక్కగారు మీరేనా?" అంది. నీ ఇల్లంతా చూశాను. వంటింట్లో ఒకే ఒక్క కంచం కడిగి బోర్లించి ఉంది. దాని పక్కన ఇంకోటి పెట్టాను.

ఇప్పుడు టైము ఐదున్నర. ఆరింటికి నీ డ్యూటీ అయిపోతుంది. ఇది కట్టేసి, ముందు తలుపుకి లోపల గడియ పెట్టుకుని కూర్చుంటాను. నీ తాళం చెవితో పనిలేదు, జేబులో పెట్టుకో.

చదవడం అయిందా? అయితే తలుపు కొట్టు. ఎవరని నేనడుగుతాను.

అక్క